మరగబెట్టని ఆకు

ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పని తనకెలా అంటుకుందో ఆమెకు బాగానే గుర్తుంది. కడిగే మనిషి మానేసిన వారం పెద్దసారు "నీ చేతిలో ఏదీ పగలదమ్మా" అన్నాడు. ఆ వారం ఆరేళ్లయింది. ఆమెతోపాటే చేరిన కళ్లజోడాయనదీ అదే చదువు, అదే ఉద్యోగం. ఆయన చేతిలో మాత్రం అన్నీ పగులుతాయట.

ఒక అడవి ఆకు షుగరును అదుపులో పెడుతుందేమో తేల్చడం వాళ్ల పని. ఆకును మరగబెట్టి తీసిన సారాన్ని షుగరున్న ఎలుకలకు పదకొండుసార్లు పట్టి చూశారు. పదకొండుసార్లూ గుండుసున్నా. వేడికి చెడిపోయేదేదో ఇందులో ఉందేమో, చన్నీళ్లలో నానబెట్టి చూస్తేనో అని ఆమె అంటే పెద్దసారు నవ్వాడు. "ఇది వంటిల్లు కాదమ్మా." ఇంట్లో భర్త రెండాకులు ఎక్కువే చదివాడు. "ఆకులు నూరే ఉద్యోగానికి ఆదివారం కూడా పోవాలా?" రెండు మాటలూ ఒకేచోట గుచ్చుకున్నాయి. ఏది నానాలో, ఏది ఉడకాలో, ఏది సెగ తగిలితే పాడవుతుందో ఈ చేతులకు ఇరవయ్యేళ్లుగా తెలుసు. ఆ తెలివి మీదే ఇల్లంతా కడుపు నింపుకుంటుంది. దాన్ని తెలివి అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

ఆదివారం వెళ్లింది. ఆకు నానబెట్టింది, వడగట్టింది. తన ఆశ తన కళ్లను మోసం చేయకూడదని, ఏ బోనుకు సారం, ఏ బోనుకు ఉత్తనీళ్లు పడుతున్నదీ తనకు చెప్పొద్దని ఎలుకలను చూసుకునే అక్కను బతిమాలింది. అక్క ఆ జాబితాను కవరులో పెట్టి బీరువాలో దాచింది.

మూడు వారాలు గడిచాయి. ఎలుకల తోక కొసనుంచి చుక్క రక్తం తీసి మీటరులో చూడసాగింది. మూడొందల నలభై. మూడొందల ఇరవై. తరువాతి బోను, నూట డెబ్బై. మీటరు పాడైందనుకుని ఇంకొకటి తెచ్చింది. నూట అరవై ఎనిమిది.

"కవరు తియ్యక్కా."

షుగరు తగ్గిన ఆరు బోనులూ సారం తాగినవే. నీళ్లు తాగినవాటిలో ఒక్కటీ తగ్గలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వారు. మాస్కులోంచి అక్క ఏమందో ఆమెకు వినపడనే లేదు.

సాయంత్రం ఇంట్లో సంగతి విని, షుగరు మాత్రలు వేసుకుంటూ అత్తగారు అడిగింది. "అదేదో నాకూ ఓ గ్లాసు తేరాదూ?"

"ఇంకా ఎలుకల దగ్గరే ఉందత్తయ్యా. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. మాత్రలు మానకండి."

"మరి నీ మొహం అలా వెలిగిపోతోందేం?"

ఆమె మళ్లీ నవ్వింది.

మర్నాడు ఆ అంకెలు చూసిన పెద్దసారు ఆమెనూ కళ్లజోడాయననూ గదిలోకి పిలిచాడు. పై నెల పెద్ద సదస్సు, మూడు రోజులు. "నీకు ఇల్లూ వాకిలీ ఉన్నాయి, ఎక్కడొస్తావులే. ఇతను మాట్లాడతాడు. నువ్వు పట్టికలు చేసిపెట్టు."

కళ్లజోడాయన ఆమె వైపు తిరిగాడు. "మరగబెట్టకుండా ఎందుకు నానబెట్టారని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?"



"అది నాకు తెలుసు సార్," అంది ఆమె పెద్దసారుతో. "నేనే వెళ్లి చెబుతాను."

బల్ల మీది ఫారం తీసుకుని, మాట్లాడేవారి పేరు రాయాల్సిన చోట తన పేరు రాసింది. ఫారాన్ని పెద్దసారు ముందుకు జరిపింది. వసారాలోకి వచ్చి భర్తకు ఫోను చేసి, మూడు రోజులు ఊళ్లో ఉండనని చెప్పింది.

"మరి ఇల్లెలా?" అన్నాడతను.

"కనుక్కోండి. నేను నిన్ననే ఒకటి కనుక్కున్నాను, మరీ అంత కష్టమేం కాదు."