బొంత అంగీ

అన్నం కలిపేటప్పుడొకసారి, చెప్పులు వేసుకుంటూ ఇంకోసారి, మా అనిల నోటి నుంచి "మా మేడం" అన్న మాట రాని పూట లేదు. మేడం ఉప్పు తక్కువ తింటుందట. మేడం గట్ల అనదట, గిట్ల కూర్చోదట. కన్నది నేను. డెంగీ జ్వరం వచ్చినప్పుడు కామారెడ్డి దవాఖానలో మంచం పక్కన నేల మీద కూర్చుని ప్రార్థన చేసింది నేను. అయినా ఎల్లారెడ్డిలో నా ఇంట్లో నా పేరు కన్నా ఆమె పేరే ఎక్కువ వినిపించేది.

ఆమె పేరు మహేశ్వరి. కామారెడ్డిలో అనిల చదివిన కాలేజీలో ఆటల టీచరు. పిల్లల్లేరు. అందుకే నా పిల్ల మీద ఆమె కన్ను పడిందని నాకు అనుమానం. ఆ మాట ఒకసారి మా ఆయన యోబుతో అన్నాను. ఆయన ఆటో అద్దం తుడుస్తూ నవ్వాడు.

"ఆమె నీ బిడ్డను గుంజుకపోతలేదే సలోమి. తెడ్డు పట్టుడు నేర్పుతున్నది."

"తెడ్డు పేరు మీదనే గుంజుకపోతున్నది. నీకు అద్దం తుడుసుడు తప్ప ఏమెర్క."

ఆ తెడ్డు సంగతి మొదలైంది పోచారం చెరువులో. గాలి నింపితే మంచమంత పొడుగయ్యే పలక ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్ల మీద వేసి, దాని మీద నిటారుగా నిలబడి పొడుగాటి తెడ్డుతో తోసుకుంటూ పోవాలి. కూర్చుని పోయే పడవంటేనే నాకు భయం. నిలబడి పోవడమేమిటి? నేను చూడటానికి వెళ్లిన రోజు అనిల చెరువు నడుమ నిలబడి ఉంది. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు మునుగుతుందని నేను గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కన ఇంకో పలక మీద మహేశ్వరి మేడం ఏదో అంది. నా బిడ్డ తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వు నీళ్ల మీద నుంచి నా దాకా వచ్చింది. ఇంట్లో అది ఎన్నడూ అట్లా నవ్వలేదు. ఆ రోజు మునగడం గురించిన భయం కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

ఈ ఏడు డిగ్రీ అయిపోయింది. లడాఖ్ కొండల్లో ఒక టూరు కంపెనీ వాళ్లు ఈ పలకల మీద జనాన్ని తిప్పే పనికి పిల్లల్ని తీసుకుంటున్నారనీ, అక్కడి మంచునీళ్లలో ట్రైనింగు పూర్తి చేస్తేనే పని ఇస్తారనీ కబురు తెచ్చింది మేడమే. ట్రైనింగు ఇచ్చేది కూడా ఆమే. ఫోన్లో చూపించింది అనిల. కొండ మీద నుంచి మంచు నాలుకలా కిందికి దిగి చెరువులో విరిగి పడుతోంది. ఇంటి కప్పంత మంచుగడ్డలు నీళ్లలో తేలుతున్నాయి. ఆ గడ్డల సందుల్లోంచి పోవాలట.

"పడితే?" అన్నాను.

"పడితే మల్ల ఎక్కుడేనమ్మా. మేడం ఉంటది గద."

బ్యాగు సర్దేటప్పుడు ఆమే మా ఇంటికి వచ్చింది. అప్పటికి నేనొక అంగీ కుట్టి పెట్టాను. బొంత కుట్టినట్టే, పాత నూలు బట్టలు పొరలు పొరలుగా వేసి దగ్గర దగ్గరగా కుట్టిన చేతుల్లేని అంగీ. పై పొర నా పెళ్లి తెల్లచీర. లోపల మా అమ్మ చీర, అనిల చిన్నప్పటి గౌను. మేడం దాన్ని చేత్తో తడిమి చూసి పక్కన పెట్టింది.

"మంచిగ కుట్టినవక్కా. కానీ నూలు బట్ట ఒక్కటి గూడ వద్దు. పైన రబ్బరు డ్రెస్సు ఉంటది, లోపల ఉన్ని. నూలు తడిస్తే ఒంట్ల ఉన్న వేడంత గుంజుకుంటది."

"నూలు బొంత కప్పుకొనే మేం బతికినం మేడం."

"ఒడ్డు మీద వేడిస్తదక్కా. నీళ్లల్ల ఇయ్యది."

నా బిడ్డ నా వైపు చూడకుండా బ్యాగు జిప్పు లాగింది. నాకు అర్థమైంది ఒక్కటే. నా చేతి కుట్టు వద్దు, ఆమె ఇచ్చిన రబ్బరు కావాలి.

కామారెడ్డి స్టేషన్లో మేడం నీళ్ల బాటిలు కొనడానికి పోయినప్పుడు అంగీని నా సంచిలోంచి తీసి అనిల సంచిలో కుక్కాను. దాని చేయి తీసి నా నెత్తిన పెట్టుకున్నాను.

"నీళ్లల్ల దిగేటప్పుడు ఇది ఒంటి మీద ఉండాలె. నా మీద ఒట్టు. తీసినవంటే నేనుండ."

"అమ్మా, గిట్ల ఎందుకు చేస్తవ్."

"ఒట్టెయ్యి."

వేసింది. రైలు కదిలాక నాకు ఎంత హాయిగా అనిపించిందో. అక్కడిదాకా పోయినా ఆమెకు తెలియకుండా నా మాట ఒకటి నా బిడ్డ ఒంటికి అంటుకుని ఉంటుంది.

అక్కడ మన సిమ్ములు పనిచేయవట. నెల నెలా బిల్లు కట్టేవాళ్ల సిమ్ములే పనిచేస్తాయట. అంటే మేడం ఫోను. నా బిడ్డ గొంతు వినాలన్నా ఆమె ఫోన్లోంచే వినాలి. అది మాట్లాడినంతసేపూ పక్కన ఆమె దగ్గు వినిపించేది.

నీళ్లలోకి దిగే రోజు పొద్దున నేను వాకిట్లో బీడీలు చేస్తున్నాను. నాతోపాటు చేసే పక్కింటి హన్మవ్వ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒట్టు సంగతి ఆమెకొక్కదానికే చెప్పాను.

"ఒట్టు పెట్టుకోవద్దని మీ పాస్టరయ్య చెప్పడానె సలోమి? నా అసొంటిది పెట్టుకున్నదంటే సరే."

"బిడ్డ పానం కోసం పెట్టుకున్న అవ్వా. దేవుడు చూసుకుంటడు."

"నువ్వు ఆ టీచరమ్మ మీద కోపానికి పెట్టుకున్నవ్. దేవునికి గంత గూడ తెల్వదా."

నేను బీడీలు చుట్టే తునికాకు కట్ట ముందుకు లాక్కున్నాను. నిన్న తడిపి నూలుగుడ్డలో చుట్టి పెట్టిన కట్ట. ఎండాకాలంలో కూడా అట్లా చుట్టితే ఆకు ఎండదు, చల్లగా మెత్తగా ఉంటుంది. గుడ్డ విప్పుతుంటే చల్లదనానికి నా వేళ్లు జివ్వుమన్నాయి. పెళ్లయిన నాటి నుంచి రోజూ విప్పే గుడ్డే. ఆ పొద్దున మాత్రం చేయి అక్కడే ఆగిపోయింది. ఆకు చల్లగా ఉండాలనే కదా తడి నూలులో చుట్టేది. మరి నా బిడ్డను దేనిలో చుట్టి పంపాను?

"ఏందే, మొకం గట్ల తెల్లవడ్డది," అంది హన్మవ్వ.

మంచునీళ్లలో కట్టెలా బిగిసిపోయిన అనిల కళ్ల ముందు కనపడింది. శవపెట్టె కూడా కనపడింది. ఆ పెట్టెను యోబు ఏ రైల్లో తేవాలో అన్నదాకా పోయింది నా ఆలోచన. నా బుద్ధి ఎప్పుడూ అంతే. ఎన్నడూ పేరు పెట్టుకోని మేడం నంబరు వెతికి నొక్కాను.

"చెప్పక్కా," అంది మేడం. వెనకాల గాలి హోరు.

"అనిల నీళ్లల్ల దిగిందా?"

"దిగలే. పొద్దటి సంది గదే పంచాయతి. డ్రెస్సు లోపల నీ బొంత అంగీ ఏసుకున్నది. మెడకాడ తెల్ల బట్ట కనవడితే పట్టుకున్న. తియ్యమంటే తీస్తలేదు. అమ్మ మీద ఒట్టట."

తడిగుడ్డ చాటలో పడేసి ఫోను రెండో చెవికి మార్చాను.

"నేను బతిమిలాడిన, తిట్టిన. నా మాట ఇంటలేదక్కా. తియ్యకపోతే దించ. రేపు బండెక్కిచ్చి ఇంటికి పంపిస్త. పని మాత్రం పోతది."

నా మాట ఇంటలేదు అని ఆమె నోటితో ఆమే అంది. ఎన్నాళ్ల నుంచి ఆ మాట కోసం కాచుకుని ఉన్నానో నాకే అప్పుడు తెలిసింది. మేడం మాట కాదని నా బిడ్డ నా మాట పట్టుకుంది. నేను ఏమీ చేయనక్కర్లేదు. ఫోను పెట్టేస్తే చాలు. అది నీళ్లలో దిగదు, చావదు. ఇంటికి వస్తుంది. ఆమె అక్కడే ఉండిపోతుంది. ఎర్ర గుర్తు మీదికి నా బొటనవేలు పోయింది కూడా.

అప్పుడే వెనకాల నుంచి అనిల గొంతు. "అమ్మనా మేడం? అమ్మకేమన్న అయిందా? ఒక్కసారియ్యుండ్రి." ఫోను అందుకుని ఊపిరి ఆడనట్టు అడిగింది. "అమ్మా, మంచిగున్నవా? నేను ఇంక అంగీ తియ్యలే. గుండెల నొస్తుందా? బాపు ఉన్నడా ఇంట్ల?"

ఆ గొంతు నాది. యోబు ఆటో కొంచెం ఆలస్యమైతే ఫోన్లో నేను ఇట్లాగే అడుగుతాను. పోచారంలో ఆ నవ్వు ఎవరిచ్చారో గాని, ఈ గొంతు మాత్రం నేనే ఇచ్చాను. ఇంత భయాన్ని ఒంటి మీద పెట్టుకుని ఇది ఏ పలక మీద నిలబడుతుంది? రేపు ఇంటికి వచ్చినా ఆకుల చాట ముందు కూర్చుని నాలాగే పెట్టెలు ఊహించుకుంటుంది.

"నాకేం కాలే బిడ్డా. బువ్వ తిన్న, ఆకు కత్తిరిస్తున్న. ఒట్టు తీసి గట్టున పెట్టిన. అంగీ తీసెయ్యి."

"నిజంగ?"

"నిజంగ. తడి నూలు సల్లగుంటదని నాకంటే ఎవరికెర్క. మీ మేడం చెప్పినట్టు చెయ్యి."

మేడం మళ్లీ ఫోను తీసుకుని "అక్కా, నువ్వు..." అని ఏదో మొదలుపెట్టింది. ఆమె దయ నాకు అక్కర్లేదు. సిగ్నలు పోయినట్టు పెట్టేశాను. హన్మవ్వ నా చాటలో నాలుగు ఆకులు కత్తిరించి పెట్టింది.

ఆ పొద్దంతా నేను చుట్టిన బీడీలు ఒక్కటీ సరిగా రాలేదు. మాపున యోబు వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. తోటి పిల్ల ఎవరో తీసిన వీడియో. నల్లటి నీళ్లు, నీలం గడ్డలు, వాటి సందులో నిటారుగా నా అనిల. తెడ్డు ముంచుతోంది, తీస్తోంది. పక్కనే ఒక గడ్డ విరిగి నీళ్లు ఊగాయి. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడు, పడలే," అన్నాడు యోబు.

కళ్లు తెరిచేసరికి వీడియో ఒడ్డు వైపు తిరిగింది. రాయి మీద మహేశ్వరి మేడం కూర్చుని చాయ్ తాగుతోంది. కోటు మీద నా బొంత అంగీ వేసుకుంది. ఆమె రొమ్ము మీద నా పెళ్లిచీర తళతళలాడుతోంది.

"మంచిగ కుదిరిందామెకు," అన్నాడు యోబు.

"ఏం కుదిరింది. భుజాలకాడ పిగులుతున్నది, కండ్లు కనవడ్తలేవా."

వీడియో కింద అనిల మాటలు రికార్డు చేసి పంపింది. నవ్వుతూనే ఉంది. "అమ్మా, అందరికంటే ముందు నేనే చుట్టు తిరిగొచ్చిన. మేడం అడుగుతున్నది, ఈ అంగీ ఆమె ఉంచుకోవచ్చునా అని. ఒడ్డు మీద కూసుంటే గింత వెచ్చగ ఏదీ లేదంటున్నది."

యోబు నా మొహం చూస్తున్నాడు. నేను ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను.

"ఇయ్యనని చెప్పు. అది నీది, ఉతికి వాపసు తీసుకరా. మీ మేడంకు కావాలంటే వేరేది కుడత. కొలత ఇయ్యనీకి ఆమెనే ఎల్లారెడ్డికి రావాలె. ఒక్కతే వస్తే తలుపు తియ్య. నిన్ను ఎంబడి తోలుకొని రమ్మను."