సీమోను చెప్పిన పిడుగు

కిషన్‌బాగ్‌లో పాత ల్యాప్‌టాప్ మూలిగితే జనం సీమోను దగ్గరికే తెచ్చేవారు. మనిషికి పనితనం ఎంతుందో, ఆ పనితనం మీద మురిపెం అంతకు రెండింతలు. అందులోనూ లోపలి మోడెం సంగతి వస్తే ఇక పట్టపగ్గాలుండవు. "పైన అంటించిన కాయిదం చూసి ఖుష్ కావొద్దు భాయ్. ఒక్కటే తీరు కాయిదం కింద మూడు రకాల చిప్పులుంటయి. చిప్పు మీది నంబరు చదవాలె. దాని ఖాందాన్ తెల్సుకోవాలె. గప్పుడే డ్రైవరు ఎక్కియ్యాలె" అని, అడిగినవాడికీ అడగనివాడికీ పాఠం చెప్పేవాడు.

రెండువేల రెండు, శ్రావణమాసం. ఒక శుక్రవారం పొద్దున్నే ఆదిశేషయ్య తన కోడలి ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కోడలు హరిప్రియ ఇంటిపట్టునే చేసుకునే ఉద్యోగం ఒకటి సంపాదించుకుంది. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి, ఫోను లైను మీద పంపాలి. సోమవారం నుంచి పరీక్ష వారం. రోజూ సాయంత్రం ఆరులోగా ఫైళ్లు వెళ్లకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఈలోగా విండోస్ మళ్లీ వేయించారు, దాంతో మోడెం పలకడం మానేసింది.

సీమోనుకు ఇది చేతిలో పని. ల్యాప్‌టాప్ అడుగున చిన్న మూత విప్పి, అగ్గిపెట్టెంత మోడెం కార్డు బయటికి తీసి, భూతద్దం పెట్టి నంబరు చదివాడు. దానికి తగిన డ్రైవరు తన సీడీల గుట్టలో వెతికి పట్టుకుని ఎక్కించాడు. మూడు గంటలు పట్టింది. ఇక లైనుకు తగిలించి చూడటమే మిగిలింది. షాపు ఫోను రోడ్డు తవ్వకాల్లో తెగి నెల దాటింది కాబట్టి, పక్క నర్సింగ్‌హోం కిటికీలోంచి వైరు లాక్కుని పరీక్ష చేసుకోవడం అతనికి అలవాటైంది. ఆ వేళ వైరు అందిస్తూ అక్కడి వాచ్‌మన్ మల్లన్న, "అన్నా, నిన్ననే ఫోన్లన్నీ మార్చిన్రు. కొత్త ఇంటర్‌కమ్ డబ్బా వెట్టిన్రు. జర చూస్కో" అన్నాడు.

చూసుకోవలసిన మాటే. అలాంటి డబ్బాల లైనులో కరెంటు వేరు, మోడెం తట్టుకోలేదు. ఈ సంగతి వీధిలో సగం మందికి నేర్పింది సీమోనే. కానీ మూడు గంటల పనితనం నెత్తికెక్కి కూర్చుంది. "నాకే జెప్తున్నవా మల్లన్నా" అని నవ్వి వైరు గుచ్చాడు. లైను కలిసేటప్పుడు వచ్చే మోడెం కూత రాలేదు. సన్నగా కమురు వాసన వచ్చింది.

అంతే, అర్థమైపోయింది. వైరు పీకి అవతలికి తోసేసి, మల్లన్న ఏమీ అడగకముందే కిటికీ మూశాడు.

సాయంత్రం మామా కోడళ్లిద్దరూ వచ్చారు. "ఏమయ్యా సీమోనూ, అయిందా?" అన్నాడు ఆదిశేషయ్య. సీమోను నాలుక చివరిదాకా నిజమే వచ్చింది. పెదవి దాటింది మాత్రం ఇది: "మోడెం కాలింది సార్. మొన్నటి వానల పిడుగు లైన్ల దిగినట్టున్నది." ఎంత నున్నగా వచ్చిందంటే, తన నోరేనా అని అతనికే అనుమానం కలిగింది.

ఆదిశేషయ్య కోడలి వైపు తిరిగాడు. "చెప్పానా లేదా? ఉరుము వినపడితే ముందు వైరు పీకెయ్యమని లక్షసార్లు చెప్పాను."

"పీకాను మావయ్యగారూ."

"పీకితే ఎలా కాలుతుందమ్మా? పని తెలిసిన మనిషి, ఆయన అబద్ధం చెబుతాడా?"

హరిప్రియ సీమోను ముఖంలోకి చూసింది, ఒక్క మాట సాయం వస్తుందేమోనని. సీమోను బల్ల మీది స్క్రూలు ఏరుతున్నాడు. ఏరడానికి అక్కడ రెండే ఉన్నాయి. ఆమె, "పీకాననే గుర్తు. మర్చిపోయానేమో" అంది.

ఆ మాటకు సీమోను సిగ్గుతో చచ్చిపోయాడు. షాపు పెట్టినవాడు అబద్ధాలాడకుండా ఉంటాడా, రేపిస్తా మాపిస్తా అని ఎన్నో ఆడాడు. కానీ ఒక ఆడకూతురు తన చేతులతో చేసిన పనిని, చేయలేదేమోనని తనే అనుకునేలా చేయడం ఇదే మొదలు.

ఆ రాత్రి "ఏందయ్యా, గట్ల కూసున్నవ్" అని భార్య స్వరూప అడిగితే కసురుకున్నాడు. శనివారమంతా, ఆదివారం చర్చి ఎగ్గొట్టి మరీ, అలాంటి మోడెం కార్డు కోసం జల్‌పల్లి పాత సామాను గోడౌన్లలో చచ్చిన ల్యాప్‌టాప్‌లు విప్పుతూ తిరిగాడు. అదే కాగితం అంటించిన కార్డులు రెండు దొరికాయి, రెండింటి నంబర్లూ వేరు. సరైన నంబరుది ఆదివారం మూడింటికి, మూత పగిలిన ఒక డొక్కు ల్యాప్‌టాప్ అడుగున దొరికింది. దొరికిందన్న సంతోషం కూడా అతనికి నిలబడలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా ల్యాప్‌టాప్‌తో వాళ్ల ఇంటికే వెళ్లి కార్డు బిగించాడు. ఫోను వైరు గుచ్చగానే మోడెం కీచుమంది, గరగరలాడింది, లైను కలిసింది. హరిప్రియ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు తలెత్తిన సీమోనుకు ఫోను పైన గోడకు అంటించిన కాగితం కనబడింది. పెద్దాయన గుండ్రటి చేతిరాత: "ఉరిమిన వెంటనే వైరు పీకవలెను. హరిప్రియ మరువరాదు."

సీమోను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "సార్, గా కాయిదం తీసేయిన్రి. పిడుగు లేదు, ఏం లేదు. నర్సింగ్‌హోం లైన్ల వెట్టి నేనే కాల్చిన. ఆమె తప్పేం లేదు. నేను అబద్ధమాడిన."

తిడతాడనుకున్నాడు. తిట్టాలనే కోరుకున్నాడు. ఆదిశేషయ్య దగ్గరికొచ్చి అతని భుజం తట్టాడు. "ఎంత పెద్ద మనసయ్యా నీది. ఈ రోజుల్లో తప్పు ఒప్పుకునేవాడెవడు? అమ్మాయ్, కాఫీ పట్రా. చూశావా, మనిషంటే ఇలా ఉండాలి." అని, ఎదురింటాయన వాకిట్లో కనబడితే ఈ సంగతి చెప్పడానికి గబగబా బయటికి నడిచాడు. కోడలిని అనుమానించినందుకు ఒక్క మాట అనలేదు. కాగితమూ తీయలేదు.

హరిప్రియ కాఫీ తెచ్చి ఇచ్చింది. "పీకానని నేనన్నప్పుడు మీకు తెలుసు కదండీ" అంది.

"తెల్సమ్మా."

"మూడు రోజులుగా ఆ వానే తలుచుకుంటున్నాను. వైరు పట్టుకున్నది ఏ చెయ్యి, అప్పుడు నేనెక్కడ నిలబడ్డాను అని. మీ మీద నమ్మకంతో నన్ను నేనే నమ్మలేదు."

"మాఫ్ చెయ్ అమ్మా" అన్నాడు సీమోను. ఆమె ఫైళ్లు పంపాల్సిన పనుందని వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వాకిట్లో ఆదిశేషయ్య సీమోను నిజాయితీ గురించి గొంతెత్తి చెబుతున్నాడు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ పొగడ్త ఎప్పుడు ఆగుతుందా అని సీమోను తల వంచుకుని కూర్చున్నాడు.