డాక్టరమ్మ కారు

పొద్దున్నే గేటు గది తలుపు తీశాక గెర్లిండె చేసే మొదటి పని, రాత్రి వచ్చిన కార్లను కడగడం. కాఫీ మరిగేలోపు రబ్బరు గొట్టం లాక్కుని బయటికి వచ్చేది. లిస్బన్ నుంచి వచ్చినదాని అద్దం నిండా ఎర్రదుమ్ము ఉండేది. నార్వే నుంచి వచ్చినదాని చక్రాల సందుల్లో మంచు ఇంకా కరిగి ఉండేది కాదు. కొన్ని కార్ల ముందు సీటు మీద కళ్లజోడో, సగం తిన్న చాక్లెట్టో ఉండిపోయేవి. వాటిని తీసి, తుడిచి, విడిగా సంచిలో పెట్టేది.

వైస్లింగ్ కారు ఎవరిదైతే వాళ్లు పోయినప్పుడు, ఆ కారు తనంతట తానే బయల్దేరి, పుట్టిన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆల్టెన్‌బ్రూక్‌లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. నెక్కర్ నది వంతెన మీద డ్రైవరు లేని కారు ఎదురైతే, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు దిగి, టోపీ తీసి, పక్కకు జరిగి దారి ఇస్తారు. తర్వాత ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు.

కారు వచ్చిన పూటే కంపెనీ ఆ ఇంటికి ఫోను చెయ్యాలి. కారు కడిగి, పెట్రోలు నింపి, వారసులు వస్తే వాళ్ల చేతిలో తాళం పెట్టాలి. రాజులూ మంత్రులూ ఎక్కిన కార్లని ఊరికి గర్వం ఉన్న మాట నిజమే. కానీ మావాళ్లు బీరు గ్లాసు ముందు కూర్చుంటే చెప్పుకునేది అది కాదు. "ఇంజిన్లు అందరూ చేస్తారు, ఫోను మాత్రం వైస్లింగ్ ఒక్కటే చేస్తుంది" అంటారు. ఆ ఫోను చేసే మనిషి గెర్లిండె. భర్త పక్కగదిలో నిద్రపోతున్నాడనుకునే ఆడమనిషికి కూడా ఆమే చెప్పాలి. "ఒకసారి లోపలికెళ్లి చూసి రండమ్మా. నేను ఫోను పెట్టెయ్యను, ఇక్కడే ఉంటాను" అనేది. ఆ తర్వాత వినిపించే అడుగుల చప్పుడుకి ఇన్నేళ్లయినా ఆమె అలవాటుపడలేదు.

కంపెనీ డెబ్భై ఐదేళ్ల పండుగకు రెండు వారాలుందనగా, ఆ జూన్ పొద్దున గేటు ముందు ఒకే ఒక్క కారు ఉంది. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, ముదురు నీలం రంగు. గెర్లిండె గొట్టం చేతిలో పట్టుకునే ఆగిపోయింది. ఆ కారును ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఫ్యాక్టరీ ఆవరణలోని మ్యూజియంలో, మొదటి హాల్లో, తాడు కట్టిన వేదిక మీద ఉండేది. ముందున్న ఇత్తడి పలక మీద "డైరెక్టర్ ఆడల్బర్ట్ హోర్నుంగ్ గారి సొంత కారు" అని రాసి ఉంటుంది.

కాపలాదారు ఓట్మార్ గోడకి ఆనుకుని సిగరెట్ తాగుతున్నాడు.

"నువ్వే తీసుకొచ్చావా?" అంది గెర్లిండె.

"నేనెందుకు తెస్తాను? తెల్లారుజామున వేదిక దిగి, తాడు తెంపుకుని, గాజు తలుపు దగ్గర నిలబడి హార్న్ కొట్టింది. తీశాను. ఏం చెయ్యమంటావ్, అద్దం పగలగొట్టుకోనివ్వనా?"

"హోర్నుంగ్ పోయి ముప్పై ఏడేళ్లు కదా."

ఓట్మార్ సిగరెట్ కింద పడేసి కాలితో నలిపాడు. "ఆ ముక్క నన్నడక్కు. ఇంటికెళ్లి మీ అమ్మనడుగు" అంటూ వెళ్లిపోయాడు.

ఆమె ఇంకా ఎటూ కదలకముందే మ్యూజియం అధిపతి ఆర్నుల్ఫ్ హోర్నుంగ్ పరుగులాంటి నడకతో వచ్చాడు. డైరెక్టరుకి మనవడు. నలభై ఆరేళ్ల మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కాలో ఉంటాడు. పండుగ రోజునే కంపెనీ బోర్డు అధ్యక్షుడిగా అతన్ని ఎన్నుకుంటారని ఊరంతా అనుకుంటోంది. అతను కారును చూశాడు కానీ దగ్గరికి రాలేదు.

"గెర్లిండె గారూ, దీని మీద పట్టా కప్పించండి. సాయంత్రం మనుషుల్ని పంపిస్తాను, లోపలికి తోసేస్తారు."

"ఫోనో సార్?"

"ఎవరికి చేస్తారు?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఎవరికి చెయ్యాలి?"

"ఎవరికీ వద్దు" అన్నాడు ఆర్నుల్ఫ్. అతని గొంతులో కోపం లేదు, జ్వరం వచ్చినవాడి గొంతులా ఉంది. "పాత బండి. ఏదో తిక్క పుట్టి వచ్చింది. పండుగ ముందు అల్లరి వద్దు."

గెర్లిండె పట్టా కప్పింది.  గేటు ముందు నిలబడ్డ కారుకు ఫోను చెయ్యకుండా ఉండడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదలు.

పదకొండింటికే కడుపులో నొప్పని చెప్పి ఇంటికెళ్లింది. తల్లి మతిల్డె వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. డెబ్భై ఏడేళ్లు. మోకాళ్లు పట్టేశాయి కానీ కత్తి మాత్రం చురుగ్గా కదులుతుంది.

"మ్యూజియంలో నీలం కారు గేటు దగ్గరికొచ్చిందమ్మా."

కత్తి ఆగిపోయింది. మతిల్డె చేతిలో దుంప పక్కన పెట్టింది. ఆ తర్వాత, "అయితే ఇన్నాళ్లూ బతికే ఉందన్నమాట" అంది.

"ఎవరు?"

"డాక్టరమ్మ. సెల్మా లండావర్. పిల్లల డాక్టరు. ఈ ఊళ్లో కారు నడిపిన మొదటి ఆడది ఆవిడే. నేను పదిహేనేళ్లప్పుడు ఆవిడ దవాఖానాలో గాజుసీసాలు కడిగేదాన్ని. రాత్రనక పగలనక ఆ కారులో పల్లెలు తిరిగేది. యూదులు. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది నవంబర్‌లో, యూదుల ఇళ్ల మీద పడ్డ రాత్రి, దవాఖానా అద్దాలు పగలగొట్టారు. మర్నాడు పెద్ద హోర్నుంగ్ వచ్చి, కారు జాగ్రత్తగా దాచిపెడతానని తాళం అడిగాడు. ఆవిడ ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? నెల తిరక్కుండా ఊళ్లో లేదు. అందరూ పోయిందనుకున్నారు."

"నువ్వు?"

"నేను అనుకోలేదు. కారు కదల్లేదుగా." మతిల్డె చేతులు తుడుచుకుంది. "పెద్ద హోర్నుంగ్ చచ్చిన పొద్దున ఊరు ఊరంతా కిటికీ తెరల వెనక నిలబడింది. ఆయన కారు గరాజులోంచి రావాలి కదా! రాలేదు. ఆ కారు ఎవరిదో అప్పుడే అందరికీ తెలిసిపోయింది. కానీ మీ నాన్నకి అక్కడ ఉద్యోగం. పక్కింటాయనకి అక్కడ ఉద్యోగం. ఇంక నోరెవరు తెరుస్తారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వూ అక్కడే చేరావుగా" అంది తల్లి.

గెర్లిండెకు ఒళ్లు మండింది. తల్లి మీదో, తన మీదో తెలియలేదు. రోజూ ఆ ఇత్తడి పలక ముందు నుంచే నడిచింది. కారు యజమాని పోయి ఇన్నేళ్లయినా ఈ కారు వేదిక మీదే ఎందుకుందని ఒక్కనాడైనా అడగాలని తోచలేదు. ఊళ్లో ఎవరికైనా తోచాల్సింది తనకే కదా.

"ఆవిడ ఎక్కడికెళ్లిందో తెలుసా అమ్మా?"

"మాంటెవీడియోలో అన్న ఉండేవాడు. మందుల షాపు పెట్టాడని చెప్పేది. ఆ మాట నాతోనే అంది."

గెర్లిండె భోజనం కూడా చెయ్యకుండా వెనక్కి వెళ్లింది. గేటు గదిలో తలుపు వేసుకుని విదేశీ నంబర్లు చెప్పే విచారణకు ఫోను చేసింది. మాంటెవీడియోలో లండావర్ పేరుతో మందుల షాపు ఒకటే ఉంది. నంబరు తిప్పింది. చాలాసేపటికి ఒక మగగొంతు స్పానిష్‌లో ఏదో అంది.

"నేను జర్మనీ నుంచి, ఆల్టెన్‌బ్రూక్ నుంచి మాట్లాడుతున్నాను. వైస్లింగ్ కార్ల కంపెనీ. డాక్టర్ సెల్మా లండావర్ గారి ఇల్లేనా?"

 తర్వాత ఆ గొంతు జర్మన్‌లో మాట్లాడింది. ఎలాంటి జర్మన్! గెర్లిండె అమ్మమ్మ కాలంలో మా ఊళ్లో వాడి, ఇప్పుడు వాడుకలోంచి పోయిన మాటలు, అదే యాసతో.

"రాత్రి పదకొండింటికి మా అమ్మ పోయింది. ఇంకా పక్కనే కూర్చుని ఉన్నాం. ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?"

"ఆవిడ కారు వచ్చింది సార్."

అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆమెకి అర్థం కాలేదు. "నేను పోతే ఆల్టెన్‌బ్రూక్ నుంచి ఫోనొస్తుందనేది. వయసు మీద పడి మతి తప్పిందనుకున్నాం. పాపం, నిన్న కూడా అంది. సరేలే అమ్మా, పడుకో అన్నాను."

"మాది ఆలస్యం కాలేదు కదా సార్?" అంది గెర్లిండె. అని నాలుక్కరుచుకుంది.

"ఫోనుకి ఆలస్యం కాలేదు" అన్నాడతను.

తల తిప్పి చూస్తే గుమ్మంలో ఆర్నుల్ఫ్ ఉన్నాడు. తలుపు ఎప్పుడు తీశాడో, ఎంత విన్నాడో తెలియదు. ఆమె ఫోను పెట్టేసి లేచి నిలబడింది. ఉద్యోగం ఊడిందని నిశ్చయించుకుంది. ఆర్నుల్ఫ్ ఆమె వైపు కాదు, ఫోను వైపు చూస్తూ, "వస్తాడా?" అన్నాడు.

"వస్తానన్నారు. ఏడు రోజుల సంతాపం అయ్యాక."

అతను తల ఊపి వెళ్లిపోయాడు. కారును లోపలికి తోసే మనుషులు ఆ సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. ఆమెను పనిలోంచి తీసేశామనీ ఎవరూ చెప్పలేదు. క్యాంటీన్లో మాత్రం ఆమె కూర్చున్న బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉండేవి. "పండుగ పాడు చేశావు పో" అంది వంటావిడ, పళ్లెంలో రొట్టె పడేస్తూ. "పాడు చేసింది నేనా?" అని ఈమె అంటే, "ఇన్నాళ్లూ బానే ఉన్నాంగా" అని ముఖం తిప్పుకుంది. గెర్లిండెకి ఆ రెండు వారాలూ తిండి సయించలేదు. పొద్దున్నే పట్టా తీసి ఆ కారును కడిగేది. మురికి లేకపోయినా కడిగేది.

డాక్టరమ్మ కొడుకు ఆబెల్ సరిగ్గా పండుగ రోజే దిగాడు. యాభై ఏడేళ్ల మందుల షాపతను. ఆరడుగుల పైన మనిషి, భుజాలు వంగి ఉన్నాయి, చేతిలో చిన్న పెట్టె. ఫ్యాక్టరీ లోపల బ్యాండు వాయిద్యాలు సరిచేసుకుంటున్నాయి. మతిల్డె చేతికర్ర పట్టుకుని, మంచి కోటు వేసుకుని, పొద్దుటి నుంచీ గేటు గదిలోనే కూర్చుంది. అతన్ని చూడగానే లేచి, "నీ నోరు తెరిచి ఏదైనా మాట్లాడు నాయనా" అంది.

"ఏం మాట్లాడమంటావమ్మా?" అన్నాడతను ఆ పాత యాసలో.

"చాలు" అని మతిల్డె అతని చెయ్యి పట్టుకుంది. 

గెర్లిండె పట్టా తీసింది. ఆబెల్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తాకలేదు. "హాంబర్గ్‌లో ఓడ ఎక్కించి తీసుకెళ్తాను. ఈ రోడ్లు నాకు కొత్త. అయినా మెల్లగా వెళ్తాను."

ఆర్నుల్ఫ్ అప్పుడొచ్చాడు. పండుగకు కుట్టించిన నల్ల సూటు, జేబులో ఉపన్యాసం కాగితాలు. పేరు చెప్పాడు. ఆబెల్ చెయ్యి చాచలేదు.

"మా తాత పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు" అన్నాడు ఆర్నుల్ఫ్. "అందరం నల్లబట్టలు వేసుకుని గరాజు ముందు నిలబడ్డాం. కారు బయటికొస్తే దారివ్వాలని పూల కుండీలు కూడా జరిపారు. పొద్దెక్కేదాకా నిలబడ్డాం. మా నాయనమ్మ 'బ్యాటరీ అయిపోయుంటుంది' అని లోపలికెళ్లి అందరికీ కాఫీ పోసింది. నాకు అప్పుడే తెలుసు."

"అప్పుడు మీకు తొమ్మిదేళ్లు" అన్నాడు ఆబెల్. "ఆ తర్వాత కూడా పెరిగారు కదా."

 గెర్లిండె నేల చూపులు చూసింది. ఆ మాట తనకీ తగిలింది.

ఆబెల్ తాళం తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సీటు బాగా వెనక్కి ఉంది, అతని పొడుగు కాళ్లకు సరిపోయింది. మతిల్డె కిటికీలోంచి లోపలికి చూసింది.

"డాక్టరమ్మ ఇంత వెనక కూర్చునేది కాదు. నా భుజం దాకా వచ్చేది మనిషి. ముక్కు స్టీరింగుకి తగిలేంత దగ్గరగా కూర్చునేది. మేం నవ్వేవాళ్లం."

"సీటు వెనక్కి ఎవరు జరిపారు?" అన్నాడు ఆబెల్.

"మా తాత" అన్నాడు ఆర్నుల్ఫ్.

ఆబెల్ కిందికి వంగి పిడి కోసం తడిమాడు. అరవై ఏళ్ల తుప్పు. రెండు చేతులా లాగితే కీచుమంటూ సీటు కొద్దిగా ముందుకు జరిగింది, మళ్లీ లాగితే ఇంకొంచెం. చివరికంటా లాగాడు. అతని మోకాళ్లు స్టీరింగుకి రెండు పక్కలా పైకి లేచాయి, ఛాతీ చక్రానికి ఆనుకుంది. ఆ ఇరుకులో అలాగే కూర్చుని ఇంజిన్ వేశాడు. మొదటిసారికే అందుకుంది.

"బ్రేకు నొక్కితే ఎడమకి లాగుతుంది" అన్నాడు ఆర్నుల్ఫ్ ఉన్నట్టుండి. "తెలియకపోతే కష్టం. దాని సంగతి నాకు తెలుసు."

"అయితే ఎక్కండి" అన్నాడు ఆబెల్, ముందుకే చూస్తూ. "రెండు రోజుల దారి. ఇన్నేళ్లూ మా అమ్మ కారుని ఏం చేశారో నాకు వివరంగా చెప్పాలి. మధ్యలో ఆపితే దింపేస్తాను."

లోపల బ్యాండు మొదలైంది. మైకులో ఎవరో ఆర్నుల్ఫ్ పేరు పిలిచారు. అతను జేబులోంచి ఉపన్యాసం కాగితాలు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, గెర్లిండె చేతిలో పెట్టి, కారెక్కి తలుపు వేసుకున్నాడు. మైకులో మళ్లీ పిలిచారు. ఆ సాయంత్రం అధ్యక్షుడి కుర్చీ మరొకరికి దక్కింది.

గెర్లిండె గేటు కర్ర పైకెత్తింది. కారు ఆమె పక్కనుంచి మెల్లగా వెళ్తుంటే ఆర్నుల్ఫ్ మాట వినిపించింది.

"సీటు కొంచెం వెనక్కి జరుపుకోండి. మోకాళ్లు నొప్పెడతాయి."

"పెట్టనీ" అన్నాడు ఆబెల్.