తెల్లబారిన క్యాను

మా అత్తయ్య నీళ్ల ప్లాంటులో క్యాన్లు కడుగుతుంది. మరిగే నీళ్లు, అందులో సోడా, పొడుగు బ్రష్షు, వాటికి తోడు ఆవిడ మొండితనం. ఆవిడ చేతిలో పడ్డ క్యాను అద్దంలా బయటికి రావాల్సిందే. తోమగా తోమగా తెల్లబారి మసకేసిన వాటిని ప్లాంటువాళ్లు అవతల పారేస్తారు. నా పెళ్లయిన ఏడాదే వాటిలో ఒకటి మా వంటింట్లోకి వచ్చింది.

"రాయిలా ఉంది. పారేయడానికి వీళ్లకి మనసెలా వస్తుందో!" అని ఆవిడ సణుగుడు.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచేసరికి అత్తయ్య నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. పొద్దున్నే ఆ క్యానును ప్లాంటులోలాగే సోడాతో తోమి, కాచిన నీళ్లు పొగలు కక్కుతుండగానే అందులో పోసేది.

"నా మనవరాలికి చుక్క మురికి తగలకూడదు."

"మనవడైతేనో?" అంటే, "నోర్ముయ్! జడ వెయ్యడానికి నాకో తల కావాలి" అనేది. మా ఆయన ముసిముసిగా నవ్వుకునేవాడు.

నాలుగో నెలలో అదీ పోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏం తింటారు, ఏం తాగుతారు అని అడుగుతుంటే క్యాను సంగతి చెప్పాను. ఆవిడ రాయడం ఆపేసింది. అలాంటి గట్టి ప్లాస్టిక్కులో బిస్ఫినాల్ అనే రసాయనం ఉంటుందట. పాతబడ్డాక సోడా, వేడీ తగిలితే నీళ్లలోకి దిగుతుందట. ఒంట్లో దూరి ఆడవాళ్ల హార్మోను వేషం వేస్తుందట.

"దానివల్లే పోయిందని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను. ఆ క్యాను మాత్రం తీసేయండి."

ఇంటికొచ్చేదాకా ఒళ్లు మండిపోతూనే ఉంది. గుమ్మంలోనే అత్తయ్యను దులిపేయాలనుకున్నాను. ఎవరడిగారు నిన్ను, ఎవడో పారేసింది నెత్తిన పెట్టుకుని తెమ్మని!

ఆవిడ గ్లాసుతో ఎదురొచ్చింది. సోడాకి వేళ్ల చివర్లు పగిలి ఎర్రగా ఉన్నాయి. కళ్లు వాచిపోయాయి.

"ఎక్కడ తేడా జరిగిందో తెలియట్లేదు తల్లీ. నేనే సరిగ్గా కడగలేదేమో. ఇవాళ ఇంకోసారి తోమాను. గోరువెచ్చగా ఉన్నాయి, తాగు."

ఆవిడ మీద కోపం పోలేదు, కానీ ఆ ముఖం చూస్తూ ఆ మాట ఎలా అనను? క్యానును రేపు ఎలాగో మాయం చేస్తాను. ఈ పూటకి నాలో కాపాడుకోవలసింది ఏమీ లేదు.

గ్లాసు అందుకుని చుక్క మిగలకుండా తాగేశాను.