మూత బిగించిన సీసా

ఒకవేళ ప్లాటినం రేణువుల్ని తనే సరిగ్గా కడగలేదేమో. కడిగింది. ఓజోన్ గాలి పట్టించింది, నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగింది, ఆరబెట్టింది. అయినా ఆ రేణువుల మీదికి గంధకం మళ్లీ ఎక్కడి నుంచి వస్తోంది?

రేణువులు పుట్టేటప్పుడు ఆ గంధకమే కావాలి. ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టకుండా చుట్టూ నిలబడి కాస్తుంది. తీరా రసాయన చర్యల్ని వేగిరపరిచే పనిలో వాటిని పెట్టాక అదే అడ్డం. చుట్టాల్ని కూడా గడప దాటనివ్వని కాపలాకుక్క. దాన్ని వదిలించే పద్ధతి తనది. ఈసారి కూడా గంధకం కనబడితే ఆ పద్ధతి కట్టిపెట్టేద్దామన్నారు తన పరిశోధన చూసే మాస్టారు.

రేణువుల పైపొరను చూసే పరికరం నడిపే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. కడిగిన వెంటనే చూసి, శుభ్రంగా ఉందన్నాడాయన. మర్నాడు అదే సీసాలోంచి కాస్త తీసి చూసి తల గోక్కున్నాడు.

"కడుక్కున్న కాళ్లతోనే మళ్లీ బురదలోకి దిగిందమ్మాయ్, నీ ప్లాటినం."

ఎవరైనా ముట్టుకున్నారా? ప్రయోగశాలలో తన బల్ల దగ్గర పనిచేసేది ఇంకొకామె మాత్రమే. ఒకే మాస్టారి కింద ఉన్నందుకు ఇద్దరికీ తోడికోడళ్లని పేరు పెట్టింది బాబాయే. ఆమె తన గంధకపు రసాయనం సీసా తెరిచిందంటే గదంతా కుళ్లిన ఉల్లిపాయల కంపు. ఆ అనుమానంతోనే తను రబ్బరు బిరడా బిగించడం మొదలుపెట్టింది. ఎంత బిగించినా గంధకం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇవాళ మళ్లీ కడిగి, ఆరిన పొడిని సీసాలో పోసి బిరడా నొక్కుతుంటే తోడికోడలు నవ్వింది.

"దాని పీక నొక్కేస్తున్నావేంటి? కోపం దాని మీదా, నా మీదా?"

తను వేళ్ల కింద బిరడా వైపు చూసింది. రబ్బరు. రబ్బరు గట్టిపడటానికి కలిపేది గంధకమే. తెలియని సంగతా? తెలుసు. మరి ఇన్నాళ్లూ ఆ తెలివి ఎక్కడ నిద్రపోయింది? పోనీ ఇదైనా నిజమేనా, లేక మనిషిని అనుమానించిన సిగ్గు కొద్దీ నేరం బిరడా మీదికి నెడుతోందా? కంపు గాలిలోనూ ఉంది. బిరడా తీసేస్తే, తప్పు గాలిదే అయితే, ఇక మాస్టారి ముందు చెప్పుకోవడానికేమీ మిగలదు.

బిరడా లాగేసింది. పొడిని గాజు పళ్లెంలోకి వంపి, పైన గాజు మూత ఊరికే ఆనించి, బల్ల మీద తోడికోడలి చేతికి అందేంత దూరంలో పెట్టింది.