జబ్బుకు పెట్టిన పేరు

ఆమనికి ఉన్నది సైనస్. ఇక్కడ ఎవరిని కదిపినా ఆ మాటే చెబుతారు, ముక్కు చుట్టూ ఎముకల్లో గాలి గదులుండటమే ఓ రోగమైనట్టు. నుదురు పోటెత్తినా సైనస్సే, ముక్కు దిబ్బడేసినా సైనస్సే. నాలుగేళ్లుగా కూతురు కుడి కనుబొమ నొక్కుకుని కూర్చున్నప్పుడల్లా భ్రమరాంబ పసుపు వేసి ఆవిరి పట్టించింది, శొంఠి అరగదీసి పట్టు వేసింది. పొద్దస్తమానం ఏసీలో ఉద్యోగాలు, సైనస్ రాక ఏం వస్తుందని నలుగురితో అంది కూడా.

కన్ను ముందుకు పొడుచుకొచ్చాక గాని ఎవరికీ బుద్ధి రాలేదు. అదైనా ఇంట్లోవాళ్లు కనిపెట్టింది కాదు. ఆఫీసులో ఆమనితో పనిచేసే సుష్మ వీడియో మీటింగులో చూసి, నీ కుడికన్ను పెద్దదయిందేమిటని అడిగింది. ఆ వారమే ఆమనికి మెట్లు రెండేసి కనబడటం మొదలైంది. అప్పుడు పరుగెత్తారు కొండాపూర్‌లో ముక్కు, చెవి చూసే డాక్టర్ రూబీ దగ్గరికి. ఆవిడ స్కాన్ తీయించింది. ఇవాళ ఫలితం.

తెర మీద కనుబొమ వెనక సున్నపురాయి ముక్కలా ఏదో తెల్లగా ఉంది. దాని అంచు కంటిగూటిలోకి దిగింది.

"గడ్డే, కానీ క్యాన్సర్ కాదు. ఎముకే ఎక్కువ పెరిగింది. కంటిని నూకుతున్నది కాబట్టి తీసెయ్యాలె. ఫికర్ చెయ్యకండి" అంది రూబీ.

ఆమని అమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలింది. భ్రమరాంబ ఏడుకొండలవాడికి మనసులోనే దండం పెట్టుకుంది. కానీ డాక్టరు తెర మీద నుంచి చూపు తిప్పలేదు. బొమ్మల్ని కిందికీ పైకీ జరిపింది. లేచి వచ్చి ఆమని దవడ కింద వేళ్లతో తడిమింది. అక్కడో చిన్న గడ్డ, పుర్రె మీద ఇంకోటి ఉన్నాయని చూపించింది. ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అని అడిగింది.

"ఒక్కటే ఉంటే అడగకపోయేదాన్ని. మూడున్నయి."

భ్రమరాంబ నోరు విప్పేలోపే ఆమని జవాబు చెప్పేసింది. అలాంటివేం లేవండి, నాన్నగారు పోయింది కూడా పచ్చకామెర్లతోనే అంది. రూబీ కాగితం మీద రాసుకుని ఆపరేషన్ సంగతికి వచ్చింది.

పచ్చకామెర్లు! ఆ పేరు పెట్టింది భ్రమరాంబే. చివర్లో భర్త యజ్ఞనారాయణ కళ్లు పచ్చబడ్డ మాట నిజం. అంతకు ముందు విశాఖపట్నంలో పొట్ట కోసి, క్యాన్సర్ పెద్దపేగంతా పాకిందని మూసేసిన మాట మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. క్యాన్సర్ ఇల్లని తెలిస్తే పిల్లల్ని ఎవరు చేసుకుంటారు? వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. ఈవిడ ఒక్క అబద్ధంతో ఇద్దరివీ చేసేసింది. కానీ ఆయనకీ దవడ మీద ఉండేది బొడిపె. గడ్డం గీసుకుంటూ తడుముకుని, నేను మొండి దవడవాణ్ణే అని నవ్వేవాడు. ఇన్నేళ్లకు ఆమెకు ఆ నవ్వు గుర్తొచ్చింది.

ఊరుకోవచ్చు. డాక్టరు రాసేసింది, కూతురు సెలవులు లెక్కేసుకుంటోంది. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు, సరే. ఆ గుట్టు ఈ పిల్ల ప్రాణం మీదికి వస్తేనో?

"పచ్చకామెర్లు కాదండి. పెద్దపేగు క్యాన్సర్. ముప్పైతొమ్మిదో ఏట పోయారు" అంది భ్రమరాంబ.

ఆమని తల్లి వైపు తిరిగింది. ఆ చూపు భ్రమరాంబకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

రూబీ కలం కింద పెట్టి, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఇలాంటి ఎముక గడ్డలు కొన్ని ఇళ్లలో పేగు జబ్బుకు ముందు గుర్తులట. పేగు లోపల చిన్న చిన్న పొక్కులు లేస్తాయట, వదిలేస్తే అవే ముదిరి క్యాన్సరవుతాయట. తండ్రికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశమట. ముందే చూస్తే ఆపవచ్చు, ఆమనికి ఈ వారమే పేగులోకి గొట్టం వేసి చూడాలంది. ఆమనికి ముప్పైఆరేళ్లు.

"మీకు ఇంకా పిల్లలున్నరా అమ్మా?"

ఉన్నాడు, నల్లగండ్లలో, రవికిరణ్, దీనికంటే రెండేళ్లు పెద్దవాడని చెప్పింది భ్రమరాంబ. వాడికేమన్నా కడుపునొప్పి, రక్తం పోవడం లాంటివి ఉన్నాయా అని డాక్టరు అడిగింది.

"రక్తం పడుతుందండి, రెండేళ్ల నుంచీ. అవి మొలలు. మజ్జిగ తాగమన్నాను, కారం మానిపించాను."

"మొలలని ఎవరు చెప్పిన్రు?"

భ్రమరాంబ కూతురి ముఖం చూడలేక చేతుల వైపు చూసుకుంది.

"నేనేనండి."