ఈశ్వరప్రసాద్ గారి నంబరు

కలిదిండిలో చేపల చెరువులు చేసిన ఈశ్వరప్రసాద్ తాడేపల్లిగూడెం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ పెట్టి, దానికి కరస్పాండెంట్ అయ్యారు. రెండువేల నాలుగులో కాలేజీకి లినక్స్ సర్వరు వచ్చింది. దాన్ని చూసుకునే పని లెక్చరర్ పెర్సిస్‌ది.

సర్వర్లో ఎవరెవరికి అకౌంట్లున్నాయో ప్రింటు తీసి చూపించమన్నారాయన. సిస్టంలో ఉన్న యూజర్ల వివరాలు చదివి, పేర్లూ నంబర్లూ వరసగా చూపే చిన్న ప్రోగ్రాం, పెర్ల్ స్క్రిప్టు ఒకటి రాసి, కాగితాలు పట్టుకెళ్ళింది పెర్సిస్.

మొదటి పేరు రూట్. నంబరు సున్నా.

"ఈ రూట్ ఎవరమ్మా? మన స్టాఫేనా?"

"మనిషి కాదండీ. సిస్టం మొత్తం మీద అధికారం ఉన్న అకౌంటండీ."

"మొత్తం మీద అధికారం నాది కదా!"

ఆయన పేరు రెండో పేజీలో, ఫస్టియర్ కుర్రాళ్ళ కింద ఉంది.

"అకౌంట్లు తెరిచిన వరసలో నంబర్లు పడతాయండీ. మీరు కంప్యూటరు ముట్టుకోరు కదాని మీది ఆఖర్న తెరిచానండీ."

"ఆ సున్నా నాకు మార్చెయ్యమ్మా."

సున్నా ఇస్తే ఆయన ఎవరి ఫైళ్ళయినా చెరిపెయ్యగలరు. అందుకని పెర్సిస్, నంబర్ల జోలికి పోకుండా, స్క్రిప్టులో రెండు లైన్లు కలిపి లిస్టులో ఆయన పేరు పైకి తెచ్చింది. ఆయనకదే చాలింది.

మర్నాడు ఆ లిస్టు చూసి, తన పేరే ముందుండాలంటూ ప్రిన్సిపాల్ సత్యవేదం వచ్చారు. "కాలేజీ ఆయనది కావచ్చండీ. చదువు నాది కదండీ!" ఆయన వెనకాలే అదే కోరికతో డిపార్టుమెంటు హెడ్లు వచ్చారు.

విసిగిపోయిన పెర్సిస్, ఎవరు లాగినై నడిపితే వాళ్ళ పేరే ముందొచ్చేలా స్క్రిప్టు మార్చేసింది. అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఈశ్వరప్రసాద్ కూడా టైపింగ్ నేర్చుకుని, రోజూ లాగినై తన పేరు చూసుకునేవారు.

తర్వాతి మీటింగుకి ఎవరి ప్రింటు వాళ్ళు తెచ్చుకున్నారు. సత్యవేదం తన కాగితాన్ని కరస్పాండెంట్ కాగితం పక్కన పెట్టి తెల్లబోయారు. హెడ్లందరూ తమ కాగితాలు తీశారు. గదంతా గోలయింది.

"ఇందులో ఏది నిజమమ్మా?" అన్నారు ఈశ్వరప్రసాద్.

"అన్నీ నిజమేనండీ. వరసే వేరండీ," అంది పెర్సిస్, ఉద్యోగం పోయిందనే అనుకుంటూ.

ఆయన కాగితాలన్నీ పోగేసి పక్కన పెట్టారు.

"ఇక మీదట ఎవరి లిస్టు వాళ్ళు స్క్రీన్ మీదే చూసుకోండి. ప్రింటు తియ్యొద్దు. పక్కవాళ్ళకి చూపించొద్దు."

ఆ కాలేజీలో ఒక్కరు కూడా కాదనకుండా ఒప్పుకున్న మొదటి తీర్మానం అదే.

నెల తిరక్కుండా ఏలూరు నుంచి మరో కాలేజీవాళ్ళు వచ్చి, ఆ స్క్రిప్టు తమకూ కావాలని పట్టుకెళ్ళారు.